పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య మెదడులో ఏం జరుగుతుంది?

మానసిక జబ్బులు ఏ వయసులో మొదలవుతాయో తేల్చడానికి 2022లో ఒక పెద్ద లెక్క వేశారు. వేర్వేరు దేశాల్లో జరిగిన 192 అధ్యయనాలను, వాటిలోని 7 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను ఒకచోట కుప్ప పోసి చూశారు. జబ్బు మొదలైన వయసులన్నీ గీత గీస్తే అన్నిటికంటే ఎత్తుగా నిలిచింది 14.5 ఏళ్ల దగ్గర. 18 ఏళ్లు నిండేలోపే మొదలైనవి 48 శాతం, 25లోపు మొదలైనవి 62 శాతం పైచిలుకు. అంతకుముందు 2005లో అమెరికాలో వేసిన లెక్క కూడా ఇలాగే ఉంది: జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్లకే, ముప్పావు వంతు 24 ఏళ్లకే మొదలైపోతున్నాయి.

14.5 ఏళ్లంటే మన దగ్గర తొమ్మిది దాటి పదిలో అడుగుపెట్టే వయసు. ఒంటి సంగతి చూస్తే అంత గట్టి కాలం మళ్లీ రాదు. రాళ్లు తిన్నా అరిగించుకునే వయసు అంటారు పెద్దవాళ్లు. బీపీ, షుగర్, గుండెజబ్బు ఇంకా చాలా దూరంలో ఉంటాయి. మరి మనసు మాత్రం సరిగ్గా అప్పుడే ఎందుకు దెబ్బతింటుంది?

'వయసు అలాంటిది', 'హార్మోన్లు', 'చెడు సావాసాలు', ఈమధ్య కొత్తగా 'ఫోన్లు' అని ఇళ్లలో జవాబులు వినిపిస్తాయి. ఒక్కోదానిలో కొంత నిజం ఉంది. కానీ అవన్నీ వచ్చి తగిలేది అప్పటికే సగం విప్పి మళ్లీ కడుతున్న ఒక ఇంటికి. ఆ కట్టుబడి పని ఏమిటో తెలియకపోతే మిగతావి అర్థం కావు.

చాలాకాలం వరకు మెదడు చిన్నతనంలోనే తయారైపోతుందని అనుకునేవారు. అందుకు కారణం ఉంది. ఆరేళ్లకే మెదడు పెద్దవాళ్ల మెదడు సైజులో 90 శాతం దాటిపోతుంది. తల ఎదిగిపోయింది కాబట్టి లోపల పని కూడా అయిపోయిందనుకున్నారు. 1979లో షికాగోలో పీటర్ హటెన్‌లాచర్ అనే పిల్లల న్యూరాలజిస్టు, చనిపోయినవారి మెదడు ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, నరకణాల మధ్య ఉండే కలయికలను, అంటే సినాప్స్‌లను, ఓపిగ్గా లెక్కపెట్టాడు. ఏడాది, రెండేళ్ల పిల్లల్లో అవి పెద్దవాళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా కనిపించాయి. అక్కడి నుంచి పదహారేళ్ల వయసు దాకా తగ్గుతూ వచ్చాయి. ఆ తర్వాత ఎంఆర్‌ఐ వచ్చింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం అవే పిల్లలను రెండేళ్లకోసారి పిలిచి స్కాన్ తీసింది. 1999లో వాళ్లు చెప్పినదాని ప్రకారం మెదడు ముందు భాగంలో గ్రే మ్యాటర్, అంటే నరకణాలు, వాటి కలయికలు ఒత్తుగా ఉండే బూడిదరంగు భాగం, ఆడపిల్లల్లో 11 ఏళ్ల దగ్గర, మగపిల్లల్లో 12 ఏళ్ల దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. అక్కడి నుంచి పలచబడటం మొదలవుతుంది.

పెరగాల్సిన వయసులో తగ్గడమేమిటని అనిపించొచ్చు. మొక్కజొన్న వేసేవాళ్లకు అనిపించదు. పాదుకు రెండు గింజలు వేస్తారు. మొలిచాక కొన్ని రోజులు ఆగి, బలంగా ఉన్న మొక్కను ఉంచి రెండోదాన్ని పీకేస్తారు. చేలో మొక్కలు తగ్గుతాయి, కంకి మాత్రం గట్టిగా వస్తుంది. మెదడు కూడా ముందు ఒత్తుగా కలయికలు వేసుకుని, తర్వాత వాడనివి పీకేసి, వాడేవాటిని బలపరుస్తుంది. చేలో ఏది పీకాలో రైతు చూసి చెబుతాడు. ఇక్కడ చూసి చెప్పేవాళ్లు లేరు. ఆ పిల్లో పిల్లాడో రోజూ ఏం చేస్తున్నారు, ఎవరితో తిరుగుతున్నారు, ఎంత నిద్రపోతున్నారు, దేనికి భయపడుతున్నారు అన్నవే చాలావరకు ఆ నిర్ణయం చేస్తాయి.

ఉంచుకున్న దారులకు పైతొడుగు వేసే పని కూడా అదే సమయంలో సాగుతుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుంటుంది. తొడుగు పడిన దారిలో సంకేతం పదుల రెట్లు వేగంగా పోతుంది. అయితే తొడుగు పడ్డాక ఆ దారిని మార్చడం అంత తేలిక కాదు. పద్నాలుగేళ్లకు అబ్బిన అలవాటు నలభైలో కూడా వదలకపోవడానికి ఇదొక కారణం.

ఈ పని మెదడంతటా ఒకేసారి జరగదు. 2004లో గీడ్, నితిన్ గోగ్టే తదితరులు 13 మంది పిల్లలను ఎనిమిది నుంచి పదేళ్ల పాటు వెంటపడి తీసిన స్కాన్‌లలో వరస స్పష్టంగా కనిపించింది. చూపు, స్పర్శ, కదలిక లాంటి ప్రాథమిక పనులు చూసే భాగాలు ముందు కుదురుకుంటాయి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది దాదాపు ఆఖరి వంతు. ముందువెనకలు ఆలోచించడం, కాసేపు ఆగడం, కోపాన్ని దిగమింగడం, రేపటి కోసం ఇవాళ్టిది వదులుకోవడం దాని పనులు. ఈలోగా రజస్వల కావడం, గొంతు మారడం లాంటి మార్పులు తెచ్చే హార్మోన్లు ఉద్వేగాలు, ఆనందం, భయం చూసే లోపలి భాగాలను ముందే రేపేస్తాయి. పెళ్లింటికి చుట్టాలంతా ముందే దిగిపోయి, పనులు పురమాయించే పెద్దమనిషి మాత్రం చివరి బస్సుకు వచ్చినట్టు ఉంటుంది పరిస్థితి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. '25 ఏళ్ల దాకా మెదడు పూర్తికాదు' అన్న వాక్యం వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. 25వ పుట్టినరోజున మెదడులో ఏ తలుపూ మూసుకోదు. స్కాన్ అధ్యయనాలు చాలావరకు ఇరవైల్లో ఎక్కడో ఒకచోట ఆగిపోయాయి కాబట్టి ఆ అంకె అలా స్థిరపడిపోయింది. పైగా పదహారేళ్ల పిల్లను ప్రశాంతంగా కూర్చోబెట్టి ఒక లెక్కో, ఒక సమస్యో ఇస్తే పెద్దవాళ్లలాగే తర్కిస్తుంది. తేడా వచ్చేది వేడి మీద ఉన్నప్పుడు, పక్కన స్నేహితులున్నప్పుడు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటికంటే దోస్తులు చూస్తుండగా 13-16 ఏళ్ల పిల్లలు దాదాపు రెట్టింపు సాహసాలు చేశారు. 24 దాటినవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ముగ్గురు ఎక్కిన బైకు మీద హెల్మెట్ లేని పిల్లాడికి ప్రమాదం సంగతి తెలియక కాదు.

ఇది లోపమూ కాదు. అమ్మానాన్నల చేయి వదిలి బయటి లోకంలోకి వెళ్లాలంటే కొంత తెగింపు కావాలి, తోటివాళ్ల మాటకు విలువివ్వాలి, కొత్తది నేర్చుకునే మెత్తదనం ఉండాలి. చిక్కల్లా ఆ మెత్తదనంతోనే. మంచి అచ్చు పడినట్టే చెడ్డ అచ్చూ పడుతుంది.

అసలు ప్రశ్నకు వస్తే, 2008లో టోమస్ పౌస్, భారతీయ మూలాలున్న సైకియాట్రిస్టు మాచేరి కేశవన్, జే గీడ్ కలిసి ఇదే విషయం మీద ఒక వ్యాసం రాశారు. దాని సారం సులభం. యంత్రంలో ఎక్కువగా కదిలే భాగమే ముందు పాడవుతుంది. కౌమారంలో మెదడులో ఏ భాగంలో మార్పు జోరుగా ఉంటే అక్కడ పొరపాటుకు అంత అవకాశం. జబ్బుకో వయసు ఉండటం కూడా దీనితో కుదురుతుంది. 2022 లెక్క ప్రకారం చిన్నపిల్లల భయాలు, ఆందోళనలు ఎక్కువగా మొదలయ్యేది 5.5 ఏళ్ల దగ్గర. చేసిందే చేయడం, కడిగిందే కడగడం లాంటి ఓసీడీ 14.5 దగ్గర, తిండి మానేసే జబ్బులు 15.5 దగ్గర, మత్తు అలవాటు 19.5 దగ్గర, లేని మాటలు వినపడే, లేనిపోని అనుమానాలు పుట్టే స్కిజోఫ్రీనియా, దిగులు జబ్బు డిప్రెషన్ లాంటివి 20.5 దగ్గర. ఇవన్నీ సగటు శిఖరాలు మాత్రమే, వాటికి అటూ ఇటూ ఎంతోమంది ఉంటారు.

వీటిలో స్కిజోఫ్రీనియా కథ కాస్త వివరంగా చూడదగ్గది. 1980ల మొదట్లో అమెరికాలో ఇర్విన్ ఫైన్‌బర్గ్ నిద్ర మీద పనిచేసేవాడు. గాఢనిద్రలో వచ్చే మెదడు తరంగాల ఎత్తు కౌమారంలో బాగా పడిపోతుందని ఆయన గమనించాడు. సినాప్స్‌లు తగ్గడం వల్లే తరంగాలు చిన్నబోతున్నాయనీ, ఆ పీకేసే పనిలో తేడా వస్తే స్కిజోఫ్రీనియా రావచ్చనీ ఊహించాడు. అప్పటికి అది ఊహే. 2001లో పాల్ థాంప్సన్, జుడిత్ రాపపోర్ట్ బృందం చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చిన 12 మంది పిల్లలనూ, జబ్బు లేని 12 మందినీ ఐదేళ్లు స్కాన్ చేసింది. అందరిలోనూ గ్రే మ్యాటర్ తగ్గింది కానీ జబ్బున్న పిల్లల్లో తగ్గే వేగం చాలా ఎక్కువ. వెనకవైపు మొదలై ముందుకు పాకింది. 2016లో స్టీవ్ మెక్‌కారల్, బెత్ స్టీవెన్స్ బృందాలు దాదాపు 65,000 మంది జన్యు సమాచారం జల్లెడ పట్టి సీ4 అనే జన్యువు దగ్గర ఆగాయి. రోగనిరోధక వ్యవస్థలో క్రిములకు 'దీన్ని మింగేయొచ్చు' అని గుర్తు పెట్టే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు అది. మెదడులోనూ పీకేయాల్సిన సినాప్స్‌లకు గుర్తులు పెట్టే పనిలో దానికి పాత్ర ఉందని ఎలుకల్లో చూపించారు. ఆ ప్రోటీన్ ఎక్కువగా తయారుచేసే రకం జన్యువు ఉన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా ముప్పు కాస్త ఎక్కువ. రెండు మొక్కల్లో ఒకటి పీకాల్సిన చోట రెండూ పీకేసిన చేను లాంటిదన్నమాట.

అంతమాత్రాన జన్యువే రాత అనుకోకూడదు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సుమారు సగం లోపే. జన్యువులన్నీ ఒకటే అయినా మిగతా సగానికి పైగా రాకుండా ఉంటున్నారు. స్కాన్ తీసి 'మీవాడికి వస్తుంది' అని చెప్పే పరికరం కూడా ఇంకా రాలేదు. అలా చెబుతామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మాల్సిన పనిలేదు.

ఈ జబ్బు ఇంట్లో ఎలా దిగుతుందో డాక్టర్లు చెప్పే వరస చాలావరకు ఒకేలా ఉంటుంది. ఇంటర్ రెండో ఏడు చదివే పిల్లాడు. ముందు సాయంత్రం క్రికెట్‌కు వెళ్లడం మానేస్తాడు. చదువుకుంటున్నాడు కదా అని ఇంట్లో సంతోషిస్తారు. తర్వాత రాత్రిళ్లు లైటు వేసే ఉంటుంది, పుస్తకం మాత్రం అదే పేజీ దగ్గర ఉంటుంది. స్నానం రెండు రోజులకోసారి అవుతుంది. అన్నం గదిలోకే తెప్పించుకుంటాడు. మార్కులు పడిపోతాయి, తిట్లు పడతాయి. ఒకరోజు చెల్లెలితో మెల్లగా అంటాడు, 'ఎదురింటివాళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నారు, నీకు వినపడట్లేదా?' అని. దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం, దర్గాకో గుడికో తీసుకెళ్లడం అప్పుడు మొదలవుతాయి. నమ్మకాల సంగతి అలా ఉంచితే, క్రికెట్ మానేసిన రోజుకూ డాక్టరు గడప తొక్కిన రోజుకూ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. చికిత్స లేకుండా గడిచిన కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుందన్నది ఈ రంగంలో గట్టిగా రుజువైన విషయాల్లో ఒకటి.

స్కిజోఫ్రీనియా నూటికి ఒకరి లోపు వ్యవహారం. డిప్రెషన్, ఆందోళన అలా కాదు, అవి ప్రతి క్లాసులోనూ ఉంటాయి. పదేళ్ల లోపు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో డిప్రెషన్ ఇంచుమించు సమానం. రజస్వల అయ్యాక లెక్క మారిపోయి, పదిహేను దాటేసరికి ఆడపిల్లల్లో దాదాపు రెట్టింపవుతుంది. తోటివాళ్లకంటే ముందే పెద్దమనిషైన పిల్లల్లో ముప్పు మరికాస్త ఎక్కువ. హార్మోన్లు ఒక కారణమే. ఆ రోజు నుంచి ఆట మానిపించడం, బట్టలు మార్పించడం, వీధిలో చూపులు మారడం కూడా ఆ ఖాతాలోకే వస్తాయి. ఒత్తిడి ఈ వయసులో ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తుందనడానికి ఎలుకల్లో ఆధారం ఉంది. పెద్ద ఎలుకను భయపెడితే ఒత్తిడి హార్మోను పెరిగి త్వరగానే దిగిపోతుంది. ఇంకా ఈడుకు రాని ఎలుకలో అది దిగడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ రెండేళ్లు ఎలా గడుస్తున్నాయో చూడాలి. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ హాస్టల్లో తెల్లవారుజామున 5 గంటలకు తలుపు మీద దెబ్బలు పడతాయి. బకెట్ పట్టుకుని క్యూ. ఆరు గంటలకల్లా స్టడీ అవర్. క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, భోజనం, మళ్లీ స్టడీ అవర్. రాత్రి పదిన్నరకు వదిలితే బట్టలు నానబెట్టుకుని పడుకునేసరికి 11. అంటే ఆరు గంటల నిద్ర. ఈ వయసుకు కావాల్సింది 8 నుంచి 10 గంటలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. ఆరు రోజులకు తక్కువలో తక్కువ 12 గంటల బాకీ.

ఈ బాకీని బద్ధకం కింద జమ కట్టడం అన్యాయం. యవ్వనంలోకి వచ్చేటప్పుడు నిద్ర తెచ్చే మెలటోనిన్ హార్మోను రాత్రి గంట, రెండు గంటలు ఆలస్యంగా పెరగడం మొదలవుతుందని నిద్ర పరిశోధకురాలు మేరీ కార్స్‌కాడన్ లాంటివాళ్లు దశాబ్దాలుగా చూపిస్తూ వచ్చారు. పిల్లాడికి పదింటికి నిద్ర పట్టకపోవడం, ఐదింటికి మెలకువ రాకపోవడం ఒంటి గడియారం జరగడం వల్ల. తొమ్మిదింటికే ఆవులించే అమ్మమ్మ గడియారంతో దాన్ని పోల్చలేం. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూల్ మొదలయ్యే సమయాన్ని 7:50 నుంచి 8:45కు జరిపితే పిల్లలు రోజుకు సగటున 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. ఆలస్యంగా పడుకుని ఆ సమయాన్ని తినేయలేదు. కాలిఫోర్నియా 2022 నుంచి హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టకూడదని చట్టమే చేసింది.

నిద్ర తగ్గితే మర్నాడు కునుకు రావడంతో ఆగదు. 2007లో ఒక రాత్రంతా మేలుకొని ఉన్న యువకులకు మనసు కలచివేసే బొమ్మలు చూపించి స్కాన్ తీస్తే, భయం, ఉద్వేగం చూసే అమిగ్డలా స్పందన 60 శాతం ఎక్కువగా కనిపించింది. దానికీ ప్రీఫ్రంటల్‌కూ మధ్య లంకె కూడా బలహీనపడింది. చివరి బస్సుకు రావాల్సిన పెద్దమనిషి ఇక రానే రాలేదన్నమాట. రోజంతా చదివింది గట్టిగా నిలిచేది కూడా నిద్రలోనే. పదహారు గంటలు చదివించి ఆరు గంటలు పడుకోనిచ్చే పద్ధతి చదువు లెక్కలో చూసినా నష్టమే. అయినా ప్రకటనల్లో స్టడీ అవర్ల సంఖ్య ఇంకా గొప్పగానే వేసుకుంటున్నారు.

నిద్ర తర్వాత ర్యాంకు. వారం పరీక్ష అవుతుంది. సోమవారం మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద లిస్టు ఉంటుంది, పేరు, మార్కులు, ర్యాంకు, కింద నుంచి చూసుకునేవాళ్ల తలలు అందరికీ కనిపిస్తూ. మార్కులను బట్టి సెక్షన్ మారిపోతుంది. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కు మిగిలినవాళ్లు. నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు సామాన్లతో వేరే బ్లాకుకు వెళ్లిపోతాడు. పెద్దవాళ్లకు ఇది పరిపాలన వ్యవహారం. పదహారేళ్ల మెదడుకు కాదు. తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఒక కంప్యూటర్ ఆట ఉంది. కాసేపటికి మిగతా ఇద్దరూ కావాలనే మూడో మనిషికి బంతి వేయడం మానేస్తారు. 2010లో కేథరిన్ సెబాస్టియన్, సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం ఈ ఆట ఆడిస్తే, పెద్దవాళ్లకంటే కౌమారంలో ఉన్న ఆడపిల్లల మనసు ఎక్కువగా కుంగింది. ముక్కూమొహం తెలియని ఇద్దరు బొమ్మ బంతి వేయకపోతేనే అలా ఉంటే, నోటీసు బోర్డు సంగతి చెప్పక్కర్లేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో ఆత్మహత్యతో పోయిన విద్యార్థులు 13,044 మంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు 20 మందికి పైగా పిల్లలు చనిపోయారని వార్తలు వచ్చాయి. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదు. చాలాసార్లు లోపల అప్పటికే డిప్రెషన్ ఉంటుంది. ఫలితాల రోజు దాన్ని బయటకు లాగుతుంది. అయితే 'ఈ గంట గడిస్తే రేపు ఇంకోలా ఉంటుంది' అని చెప్పాల్సిన భాగం ఆ వయసులో అన్నిటికంటే ఆలస్యంగా బలపడేది కాబట్టి ఆ ఒక్క గంట పక్కన మనిషి ఉండటం చాలా పెద్ద విషయం. ఫలితాల వారంలో పిల్లలను ఒంటరిగా వదలొద్దని సైకియాట్రిస్టులు చెప్పేది అందుకే.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులైలో ఆ కేసులో కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో చిన్నబుచ్చడం వీలైనంత వరకు మానుకోవాలనీ అందులో ఉంది. కోర్టు భాషలో చెప్పారు గానీ, బంతి ఆట ప్రయోగం చెప్పింది కూడా అదే.

గంజాయి విషయంలో దాపరికం అక్కర్లేదు, మన్యం నుంచి హైదరాబాద్ కాలేజీల దాకా అది దొరుకుతోంది. స్వీడన్‌లో 1969-70లో సైన్యంలో చేరిన దాదాపు 45,000 మంది కుర్రాళ్లను 15 ఏళ్లు గమనిస్తే, 50 సార్లకు మించి గంజాయి తాగామని చెప్పినవాళ్లలో స్కిజోఫ్రీనియా తాగనివారికంటే ఆరు రెట్లు ఎక్కువగా వచ్చింది. తాగిన ప్రతివాడికీ రాదు. కానీ ఎంత చిన్న వయసులో మొదలుపెడితే ముప్పు అంత ఎక్కువ. మెదడు తన కలయికలను సర్దుకోవడానికి వాడే సహజ రసాయనాల తాళాల్లోనే గంజాయి కూడా దూరుతుంది మరి.

ఫోన్ సంగతి వేరు. ఇంట్లో అందరూ తప్పు మోపేది దాని మీదే, అది ఎదురు మాట్లాడదు కాబట్టి. 2019లో ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిబిల్‌స్కీ అనే పరిశోధకులు 3.5 లక్షలకు పైగా పిల్లల వివరాలు చూస్తే, పిల్లల మానసిక స్థితిలోని తేడాల్లో తెరల వాడకంతో ముడిపడింది అరశాతం కూడా లేదు. 2022లో ఓర్బెన్ బృందమే మరో మాట చెప్పింది. సోషల్ మీడియా వాడకం పెరిగిన ఏడాది తర్వాత సంతృప్తి తగ్గడం ఆడపిల్లల్లో 11-13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 14-15 మధ్య, మళ్లీ ఇద్దరిలోనూ 19 దగ్గర కనిపించింది. ఫోన్ ఎవరికి, ఎప్పుడు, ఏ పని మానిపిస్తోందన్నది చూడాలి. రాత్రి ఒంటిగంట దాకా చూస్తే అది నిద్ర సమస్యే.

మరి మామూలు టీనేజ్ చిరాకుకూ జబ్బుకూ తేడా ఎలా? తలుపు ధడేల్న వేయడం, ఒక్క మాటకు ఏడవడం, అద్దం ముందు గంటసేపు నిలబడటం జబ్బులు కావు. రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా, చిరాకుగా ఉండటం, ఇష్టమైన పని కూడా మానేయడం, నిద్ర, తిండి రెండూ చెడటం, స్నేహితులను కూడా దూరం పెట్టడం, చావు ప్రస్తావన రావడం వేరు. మొదటివాటిలో పిల్ల అమ్మ మీద అరిచి ఫ్రెండ్‌తో నవ్వుతుంది. రెండోదానిలో ఇద్దరితోనూ మాట్లాడదు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడగొచ్చు.

అడిగాక ఎక్కడికి వెళ్లాలన్నది కష్టమైన ప్రశ్నే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్య ఉందని తేల్చింది. పెద్ద నగరాల్లో అది 13.5 శాతం. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు, పిల్లల సైకియాట్రిస్టులు మరీ తక్కువ. ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడానికి అడ్డం పడే మాటలు మన దగ్గర రెండున్నాయి, హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ', విశాఖలో 'వాల్తేరు'. మానసిక ఆసుపత్రులున్న పేటల పేర్లు తిట్లుగా మారిపోయాయి. గడప దాటడం ఇష్టం లేనివాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ ఇది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

తొందరగా వెళ్తే ఏమవుతుందో చూపిన పని ఒకటి మనకు దగ్గర్లోనే జరిగింది. చెన్నైలో 1984 నుంచి స్కిజోఫ్రీనియా మీద పనిచేస్తున్న స్కార్ఫ్ సంస్థ, కెనడాలోని మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కలిసి, స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు మొదటిసారి బయటపడిన యువతను రెండు చోట్లా రెండేళ్లు గమనించాయి. రెండు చోట్లా చికిత్స పద్ధతి ఒకటే. డబ్బు, డాక్టర్లు, వసతులు మాంట్రియల్‌లో ఎక్కువ. మాటాడకుండా, ఏ పనిమీదా మనసు పెట్టకుండా ముడుచుకుపోయే లక్షణాలు మాత్రం చెన్నై పిల్లల్లోనే ఎక్కువ తగ్గాయి. రెండు ఊళ్ల మధ్య పెద్ద తేడాగా కనిపించింది కుటుంబం. చెన్నైలో చికిత్స సాగినన్నాళ్లూ ఇంటివాళ్లు వెంట వస్తూనే ఉన్నారు.